వెనక్కొచ్చిన 32 అంగుళాల మానిటర్: పగలు జావా, రాత్రి వాలరెంట్ ఆడే ఒక కస్టమర్ కేసు

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) సిస్టమ్స్ అసెంబుల్ చేసి అమ్మడం నా పని. ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు విషయంలో కస్టమర్లు యూట్యూబ్ అంతా చదివేసి నాకే క్లాసు పీకుతారు. మానిటర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "పెద్దది, కర్వ్‌డ్, 144 హెర్ట్జ్" అని మూడు ముక్కలు చెప్పి ఊరుకుంటారు. హెర్ట్జ్ అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు కొత్త బొమ్మ (ఫ్రేమ్) వేస్తుందో ఆ లెక్క. ఈ కేసు 2025 వేసవిలోది. ఇందులో మొదటి తప్పు కస్టమర్‌ది కాదు, నాదే.

వచ్చినతను ముప్పై దాటిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇల్లు కూకట్‌పల్లిలో. వారానికి మూడు రోజులు ఇంటి నుంచే పని. జావా కోడ్, ఎస్‌క్యూఎల్, రిలీజ్ దగ్గరపడితే చాంతాడంత ఎక్సెల్ షీట్లు. రాత్రి పాప పడుకున్నాక గంటన్నర, రెండు గంటలు గేమ్. మామూలు రోజుల్లో వాలరెంట్, శని ఆదివారాల్లో ఎల్డెన్ రింగ్. పీసీ నేను కట్టిచ్చిందే: రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు. పని మాత్రం కంపెనీ ల్యాప్‌టాప్ మీద. పాత మానిటర్ 21.5 అంగుళాలది, 1080పీ (నిలువునా 1080 పిక్సెళ్ళు, అంటే తెర చుక్కలు), 60 హెర్ట్జ్. బడ్జెట్ పాతిక వేలు. "మస్తు నచ్చితే ఇంకో రెండు వేస్తనన్నా" అన్నాడు.

షాపులో ఆ రోజు 32 అంగుళాల కర్వ్‌డ్ మానిటర్ ఒకటి ఆన్ చేసి ఉంది. 1440పీ, 165 హెర్ట్జ్, వీఏ అనే రకం ప్యానెల్. డెమో వీడియోలో నల్లటి రాత్రి, దీపాలు, వాన. అతను దాని ముందు నుంచి కదల్లేదు. నేను కూడా లెక్క వేసుకున్నాను: వీఏ కాబట్టి నలుపు నల్లగా ఉంటుంది, 1440పీ కాబట్టి పనికి చోటు ఎక్కువ, 165 హెర్ట్జ్ కాబట్టి గేమ్‌కి సరిపోతుంది. బిల్లు కొట్టాను. టేబుల్ ఎంత, గదిలో కిటికీ ఎటుంది, ఎంత దూరంలో కూర్చుంటాడు, ఇవేవీ అడగలేదు. అడగాల్సిన ప్రశ్నలన్నీ ఇవే.

తొమ్మిది రోజులకు ఫోన్. "అన్నా, కళ్ళు గుంజుతున్నయ్. అక్షరాలు అంచుల దగ్గర పొడిపొడిగ కనిపిస్తున్నయ్. స్క్రోల్ చేస్తే ఏదో మసి అంటినట్టు అయితుంది. గేమ్‌ల గూడ పాతదానికీ దీనికీ ఫరక్ ఏం లేదు."

మూడు ఫిర్యాదులు. పీస్‌లోనే లోపం ఉందేమోనని ముందు అనుమానం వచ్చింది. ఫోన్ పెట్టేసి కాల్‌క్యులేటర్ తీశాక నా ముఖం చెల్లలేదు. 32 అంగుళాల్లో 2560×1440 పిక్సెళ్ళంటే అంగుళానికి 92 (దీన్నే పీపీఐ అంటారు). అతని పాత డొక్కు మానిటర్, 21.5 అంగుళాల్లో 1920×1080, అంగుళానికి 102. అంటే పాతిక వేలు పెట్టించి మరీ నేను అతన్ని పాతదానికంటే ముతక తెర ముందు కూర్చోబెట్టాను. 1440పీ అనగానే పదునుగా ఉంటుందనుకోవడం నాలాంటి పాతకాపులు కూడా చేసే పొరపాటే. రిజల్యూషన్ ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు, ఆ పిక్సెళ్ళను ఎంత తెర మీద పరిచారో కూడా చూడాలి.

ఆదివారం టేపు, ఒక పెన్ డ్రైవ్ జేబులో వేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

టేబుల్ చూడగానే సగం కేసు తేలిపోయింది. ప్లైవుడ్ టేబుల్, లోతు 20 అంగుళాలు. మానిటర్ స్టాండ్‌కి రెండు కాళ్ళు వి ఆకారంలో ముందుకు చాచి ఉన్నాయి, అవే దాదాపు పది అంగుళాలు మింగేశాయి. కీబోర్డుకు చోటు లేక ఒళ్ళోకి జారిపోతోంది. కంటికీ తెరకీ మధ్య టేపు పెడితే 50 సెంటీమీటర్లు. తెర వెడల్పేమో 70. మూలలో గడియారం చూడాలంటే మెడ తిప్పాల్సిందే. చూపు సరిగా ఉన్న మనిషికి 92 పీపీఐ తెరలో పిక్సెళ్ళు విడివిడిగా కనబడకుండా ఉండాలంటే సుమారు 95 సెంటీమీటర్లు వెనక్కి జరగాలి. 109 పీపీఐకి 80 దాకా, 163 పీపీఐకి 54 దాకా చాలు. అతను ఇంకో 45 సెంటీమీటర్లు వెనక్కి జరిగితే మంచం మీద ఉంటాడు.

పెన్ డ్రైవ్‌లో నేను ఎప్పుడూ రెండు ఫైళ్ళు ఉంచుకుంటాను. ఒకటి తెలుగు పేజీ, రెండోది నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద బూడిద రంగు అక్షరాల కోడ్. మానిటర్ పదును తేల్చడానికి తెలుగును మించిన పరీక్ష నాకు దొరకలేదు. 9 పాయింట్ల అక్షరమంటే విండోస్‌లో 100 శాతం స్కేలింగ్ (అక్షరాలను పెంచి చూపే సెట్టింగ్) దగ్గర 12 పిక్సెళ్ళ ఎత్తు. ఇంగ్లిష్ అక్షరం అందులో హాయిగా సర్దుకుంటుంది. మనకు ఆ పన్నెండులోనే తలకట్టు, ఒళ్ళు, కింద ఒత్తు అన్నీ ఇరుక్కోవాలి. ద, ధ మధ్య తేడా కింద ఒక చిన్న గీత. ప, ఫ కూడా అంతే. ఆ 32 అంగుళాల తెర మీద 'లక్ష్మి'లో ఒత్తులు ముద్దయి ఈగ వాలినట్టు కనిపించాయి. అతను జావా రాస్తాడు కదా, తెలుగుతో పనేంటి అనొచ్చు. తెలుగులో ముద్దయ్యే చోటే ఇంగ్లిష్‌లో సెమీకోలన్, కోలన్ కలిసిపోతాయి. తొమ్మిది గంటలు అదే చూస్తే కళ్ళు గుంజకేం చేస్తాయి?

కళ్ళ నొప్పికి ఇంకో కారణం బ్యాక్‌లైట్ మినుకు కావచ్చు. దానికి పెన్సిల్ చాలు. గది చీకటి చేసి, బ్రైట్‌నెస్ తగ్గించి, తెల్లటి తెర ముందు పెన్సిల్‌ను విసనకర్రలా వేగంగా ఊపాలి. మినుకు ఉంటే పెన్సిల్ నాలుగైదు ముక్కలుగా విడివిడిగా కనిపిస్తుంది, లేకపోతే ఒకే మసక చారలా ఉంటుంది. ఇక్కడ చారే కనిపించింది. ఆ అనుమానం కొట్టేశాను.

తర్వాత కోడ్ ఫైలు తెరిచి మౌస్ చక్రం తిప్పాను. బూడిద అక్షరాల వెనకాల తోకలు. వీఏ ప్యానెల్ స్వభావమే అది. తెలుపు నుంచి నలుపుకు చకచకా మారుతుంది గానీ, నలుపు నుంచి ముదురు బూడిదకు మారాలంటే బద్ధకం. అందుకే డార్క్ థీమ్‌లో లాగ్ ఫైలు స్క్రోల్ చేసినా, ఎల్డెన్ రింగ్‌లో గుహలో కెమెరా తిప్పినా మసి పూసినట్టు ఉంటుంది. డబ్బా మీద "1 ఎంఎస్" అనే రాసి ఉంది. అది ఎంపీఆర్‌టీ లెక్క, అంటే బ్యాక్‌లైట్‌ను ఫ్రేమ్‌ఫ్రేమ్‌కీ ఆర్పి వెలిగించి మసక తగ్గించే చిట్కా తాలూకు సంఖ్య. పిక్సెల్ రంగు మారడానికి పట్టే సమయం వేరు. చిన్న అక్షరాల్లో ఆ మాట రాస్తారు, ఎవరూ చదవరు. అమ్మేటప్పుడు నేను కూడా చదివి వినిపించలేదు.

ఇక మూడో ఫిర్యాదు, గేమ్‌లో ఫరక్ లేదన్నది. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్, డిస్‌ప్లే సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే. అక్కడ 60 హెర్ట్జ్ అని ఉంది. తొమ్మిది రోజులుగా 165 హెర్ట్జ్ మానిటర్ 60 దగ్గరే నడుస్తోంది. పాత మానిటర్ హెచ్‌డీఎంఐ కేబుల్‌నే దీనికీ తగిలించాడు. డబ్బాలో వచ్చిన డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ ప్లాస్టిక్ కవర్లో సీలు కూడా తీయకుండా అల్మరాలో ఉంది. కేబుల్ మార్చి 165 పెట్టాను. 60 హెర్ట్జ్ దగ్గర కొత్త ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి వస్తుంది, 165 దగ్గర 6కి. మౌస్ రెండుసార్లు గుండ్రంగా తిప్పాడు. "ఓరి, గిదా!" అన్నాడు. ఆ రోజు నుంచి బిల్లు చేతికిచ్చే ముందు ఈ సెట్టింగ్ ఎక్కడుందో ప్రతి కస్టమర్‌కీ ఫోన్‌లో చూపించి పంపిస్తున్నాను.

మూడింట్లో ఒకటి అరనిమిషంలో పోయింది. మిగిలిన రెండూ ప్యానెల్‌తో, సైజుతో వచ్చినవి, సెట్టింగులతో పోవు. "వెనక్కి తీసుకుంటా తమ్ముడూ, ఈసారి లెక్కేసి ఇద్దాం" అన్నాను. అప్పుడు మొహమాటం వదిలేసి తన మనసులో మాట చెప్పాడు: "ఎట్లాగూ మారుస్తున్నం కద, ఓఎల్ఈడీ తీసుకుందామా?"

గేమ్ కోసమే అయితే, ప్రతి పిక్సెల్ తనంతట తనే వెలిగే ఓఎల్ఈడీకి సాటి లేదు. నలుపంటే నిజంగా దీపం ఆరిన నలుపు, పిక్సెల్ మారడమూ రెప్పపాటు కన్నా వేగం. కానీ ఇతని రోజు చూడండి. పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఏడు దాకా అదే టాస్క్‌బార్, అదే ఎడిటర్ పక్కపట్టీ, అదే మీటింగ్ విండో, కదలకుండా. బర్న్-ఇన్‌కు, అంటే కదలని బొమ్మ తెర మీద మచ్చలా ఉండిపోవడానికి, ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. కొన్ని కంపెనీలు మూడేళ్ళ వారంటీలో బర్న్-ఇన్‌ను కూడా కలుపుతున్నాయి, నిజమే. అయినా వారంటీ ఉందన్న ధైర్యంతో తెరను కాల్చుకోవడం నాకు నచ్చదు. పైగా విండోస్‌లో అక్షరాల అంచులు నున్నగా చేసే క్లియర్‌టైప్, పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరసగా ఉన్నాయనుకుని అక్షరాన్ని గీస్తుంది. క్యూడీ-ఓఎల్ఈడీ అనే రకంలో చాలావాటికి అవి త్రికోణంగా ఉంటాయి, అందుకే తెల్లటి పేజీ మీద నల్ల అక్షరాల అంచుకు సన్నగా రంగు అంటుకుంటుంది. అక్షరాల గురించే ఫిర్యాదు చేసిన మనిషికి అది అంటగట్టలేను. ధర సంగతి చెబితే అతనే ఊరుకున్నాడు, అతని బడ్జెట్‌కు రెట్టింపు పైనే.

34 అంగుళాల అల్ట్రావైడ్ (అడ్డంగా బాగా వెడల్పైన తెర) గురించి కూడా అడిగాడు. ఎక్సెల్‌కి స్వర్గం. కానీ అతను ఆడే రెండు గేముల్లోనూ అటూ ఇటూ నల్లపట్టీలే. వాలరెంట్ 16:9 (మామూలు తెర వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) దాటి చూడనివ్వదు, ఎల్డెన్ రింగ్ కూడా అధికారికంగా అల్ట్రావైడ్‌కు ఒప్పుకోదు. ఆ గేము ఫ్రేములను కూడా సెకనుకు 60 దగ్గరే ఆపేస్తుంది, మీరు 240 హెర్ట్జ్ తెచ్చి పెట్టినా సరే. దానికి తోడు పన్ను. అప్పట్లో 32 అంగుళాల వరకు మానిటర్ మీద 18 శాతం జీఎస్టీ, అది దాటితే 28. ఆ స్లాబు 2025 సెప్టెంబర్ 22 నుంచి తీసేశారు, ఇప్పుడు అన్నిటికీ 18. ఇవాళ వచ్చి ఉంటే పన్ను సంగతి ఎత్తేవాణ్ణి కాదు గానీ, నల్లపట్టీల సంగతి మాత్రం ఇప్పటికీ అంతే.

27 అంగుళాల 1080పీ, 240 హెర్ట్జ్ మీద ఒక్క మాట చాలు: 82 పీపీఐ. వద్దు.

అసలు పోటీ మిగిలింది రెండింటి మధ్య. రెండూ 27 అంగుళాలే, రెండూ ఐపీఎస్ (వీఏ కాని ఇంకో రకం ప్యానెల్), ధర కూడా ఇంచుమించు ఒకటే. ఒకటి 4కే (3840×2160), 60 హెర్ట్జ్. రెండోది 1440పీ, 180 హెర్ట్జ్. 4కే, 144 రెండూ కలిసొచ్చేవి ఉన్నాయి గానీ ఆనాటి ధరల్లో బడ్జెట్ దాటిపోయాయి.

ఇక్కడ నేను నిజంగానే తటపటాయించాను. గంటల లెక్క తీస్తే 4కే గెలవాలి. రోజుకు తొమ్మిది గంటలు అక్షరాలు, రెండు గంటలు గేమ్. 163 పీపీఐ దగ్గర, 150 శాతం స్కేలింగ్ పెడితే 1440పీ అంత చోటే ఉంటుంది గానీ అక్షరం అచ్చు వేసినట్టు ఉంటుంది. నా తెలుగు పేజీ దాని మీద చూస్తే పుస్తకం చదువుతున్నట్టే. కానీ గ్రాఫిక్స్ కార్డు వైపు నుంచి చూడాలి కదా. 1440పీ అంటే ఫ్రేముకు 37 లక్షల పిక్సెళ్ళు, 4కే అంటే 83 లక్షలు, రెట్టింపు దాటింది. ఎల్డెన్ రింగ్‌ను 4కేలో 3060 మోయలేదు. అప్పుడు రిజల్యూషన్ తగ్గించి ఆడాలి, మళ్ళీ మసకే. వాలరెంట్ ఏమో రెండు వందల ఫ్రేములు దాటించగలిగిన పీసీని 60 హెర్ట్జ్ తెరకు కట్టేయడం అవుతుంది.

నోటితో తేలే విషయం కాదని షాపులో డెమోకి ఉన్న 4కే మానిటర్‌ను రెండు రోజులకు ఇచ్చి పంపాను. వెనక్కి తెచ్చినప్పుడు అతను చెప్పిన మాట నాకు బాగా పనికొచ్చింది. "అక్షరాలు సూపర్ అన్నా. కానీ మొన్న మీరు 165 పెట్టి చూపించిన్రు కద, ఇప్పుడు 60 మీద మౌస్ నీళ్ళల్ల కదిలినట్టు ఉంది. కోడ్ స్క్రోల్ చేసినా గట్లనే ఉంది." హెర్ట్జ్ గేమ్ కోసమేనని అందరూ అనుకుంటారు. ఒకసారి అలవాటయ్యాక పని లోనూ అదే కావాలనిపిస్తుంది. నేనే ఆ అలవాటు చేశాను, ఇంకేం అంటాను!

అలా 27 అంగుళాల 1440పీ ఐపీఎస్, 180 హెర్ట్జ్ ఖాయమైంది. 109 పీపీఐ. పాత 102 కన్నా కొంచెమే ఎక్కువ, చోటు మాత్రం చాలా ఎక్కువ. గేమ్ ఆడకుండా కోడింగ్ మాత్రమే చేసే మనిషి అయ్యుంటే కళ్ళు మూసుకుని 4కే ఇచ్చేవాణ్ణి.

ఐపీఎస్‌కు ఉన్న లోటు ముందే చెప్పాను. కాంట్రాస్ట్ (తెలుపుకూ నలుపుకూ వెలుగులో తేడా) వెయ్యికి ఒకటి చుట్టుపక్కల, వీఏలో సుమారు మూడు వేలు. చీకటి గదిలో ఐపీఎస్ నలుపు బూడిదగా కనిపిస్తుంది, మూలల్లో పాలిపోయిన వెలుగు. ఇతను ఆడేదేమో లైటు తీసేసి, అదే గదిలో భార్య, పాప పడుకుని ఉంటారు. దీనికి ఖర్చు లేని మందు ఒకటుంది. మానిటర్ వెనక గోడ వైపు ఒక జీరో బల్బు. వెనక గోడ కాస్త వెలిగితే కంటికి ముందున్న నలుపు చిక్కగా అనిపిస్తుంది. పాప నిద్రకు ఇబ్బంది లేదు. మానిటర్ డబ్బా మీద హెచ్‌డీఆర్ 400 (వెలుగు, నీడల తేడా ఎక్కువగా చూపే మోడ్) స్టిక్కర్ ఉంది, ఆ మోడ్ ఆఫ్ చేసి పెట్టాను. 400 నిట్ల వెలుగు, అక్కడక్కడా విడిగా డిమ్ చేసే బ్యాక్‌లైట్ లేకుండా, నాకైతే స్టిక్కరే కనిపించింది.

తెర కన్నా ముందు మార్చాల్సింది స్టాండు. టేబుల్ వెనక అంచుకు క్లాంపుతో మానిటర్ ఆర్మ్ బిగించాను. వెసా మౌంట్ (మానిటర్ వెనక ఆర్మ్ బిగించే చోటు) 100 మిల్లీమీటర్లది, నాలుగు స్క్రూలు, పావుగంట పని. స్టాండు మింగిన పది అంగుళాలు తిరిగొచ్చాయి, తెర గోడకు ఆనుకునేదాకా వెళ్ళింది. ఇప్పుడు కంటికి 68 సెంటీమీటర్లు. 80 అయితే ఇంకా బాగుండేది, టేబుల్ అంతే. పాత 21.5 అంగుళాలది పారేయొద్దన్నాను. రెండో ఆర్మ్ మీద నిలువుగా తిప్పి పక్కన పెట్టాం, చాట్, లాగ్స్ దాని మీద.

ల్యాప్‌టాప్‌తో కొంచెం కుస్తీ పట్టాల్సి వచ్చింది. దానికి టైప్-సి పోర్టు ఉంది, కానీ పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తు గానీ మెరుపు గుర్తు గానీ లేదు. పెట్టి చూస్తే ఛార్జింగ్, డేటా తప్ప బొమ్మ రాలేదు. టైప్-సి ఉంటే చాలు మానిటర్ వస్తుందనుకుని కేబుల్ కొనేసినవాళ్ళు నెలకు ఇద్దరైనా నా దగ్గరికొస్తారు. యూఎస్‌బీ నుంచి బొమ్మ తెచ్చే డాక్‌లు ఉన్నాయి గానీ వాటికి డ్రైవర్ వేయాలి, కంపెనీ ల్యాప్‌టాప్‌లో అడ్మిన్ హక్కులు ఎవరిస్తారు? హెచ్‌డీఎంఐతోనే సరిపెట్టాం, 1440పీ 60 హెర్ట్జ్ వచ్చింది. డెస్క్‌టాప్‌కు డిస్‌ప్లేపోర్ట్. కీబోర్డు, మౌస్ రెండింటికీ ఒక చిన్న యూఎస్‌బీ స్విచ్. మౌస్ నీళ్ళల్ల కదిలినట్టుందన్న మనిషి పగలంతా మళ్ళీ 60 మీదే పని చేయాలని అప్పుడు గానీ ఇద్దరికీ తట్టలేదు. ముఖముఖాలు చూసుకుని నవ్వుకున్నాం. ఇప్పుడు సగం పని డెస్క్‌టాప్ నుంచి రిమోట్‌లో లాగిన్ అయి చేస్తున్నాడు, వాళ్ళ కంపెనీ దానికి ఒప్పుకుంటుంది కాబట్టి సరిపోయింది.

చివర్న సెట్టింగులు. ఓవర్‌డ్రైవ్ (పిక్సెళ్ళను తొందరగా మార్చే సెట్టింగ్) మధ్యలో పెట్టాను. చివరిదాకా పెంచితే కదిలే వస్తువు వెనక తెల్లటి నీడ పడుతుంది, టెస్ట్ యూఎఫ్ఓ సైటులో పెట్టి అతనికే చూపించాను. కంపెనీ నుంచి 80 మీద వచ్చిన బ్రైట్‌నెస్ పగటికి 45, రాత్రికి 20. కిటికీ అతని కుర్చీ వెనక పడమటి వైపుంది, మూడు దాటాక ఎండ నేరుగా తెర మీదే. కర్టెన్ వేయమన్నాను. తెర మీద ఒకే రంగులో ఉండిపోయిన చుక్కలేవీ లేవని తెలుపు, నలుపు, ఎరుపు, పచ్చ, నీలం నింపి చూసి షాపులోనే సంతకం పెట్టించుకున్నాను. ఒకటి రెండు చచ్చిన పిక్సెళ్ళకు చాలా వారంటీలు వర్తించవు, ఇంటికెళ్ళాక గొడవ పడేకన్నా కౌంటర్ దగ్గరే చూసుకోవడం మేలు.

నెల తర్వాత ఫోన్ చేశాను. కళ్ళ గుంజుడు లేదన్నాడు. మూలల్లో పాలిపోయిన వెలుగు రాత్రి కనిపిస్తూనే ఉందట, ఆటలో పడితే మర్చిపోతున్నాడట. మూడు నెలలకు తనే ఫోన్ చేశాడు, 1440పీలో ఎల్డెన్ రింగ్ అరవైకి అందకుండా ఊగుతోందని, కొత్త గ్రాఫిక్స్ కార్డు ఎంతవుతుందని. అది నేను ముందే ఊహించి చెప్పి ఉండాల్సింది.

వెనక్కి తెచ్చిన 32 అంగుళాలది డబ్బా తెరిచిన సరుకు కాబట్టి మూడు వేలు తగ్గించి నా చేతి నుంచి వదులుకున్నాను. ఉప్పల్ నుంచి వచ్చిన ఒక డిగ్రీ కుర్రాడు తీసుకున్నాడు. అతను హాల్లో సోఫాలో కూర్చుని, నాలుగడుగుల దూరం నుంచి, చేతిలో కంట్రోలర్ పట్టుకుని ఆడతాడు, ఎక్సెల్ ముఖం చూడడు. బిల్లుకు ముందు ఈసారి దూరం అడిగాను, డబ్బా మీద 1 ఎంఎస్ కింద ఉన్న చిన్న అక్షరాలు కూడా చదివి వినిపించాను. పోయిన నెల ఫోన్ చేశాడు, టీవీ స్టాండు మీద ఆ వి కాళ్ళు పట్టడం లేదట, ఆర్మ్ ఉందా అని.